పాత కొడియాక్ హంటర్ విల్లు, ఆరేళ్ల వాడకం, ఆ వెంట్రుకవాసి గీతల సంగతి

మిషిగన్‌లో ఒక గ్యారేజ్ సేల్‌లో కొన్న బేర్ అనే కంపెనీ చేసిన కొడియాక్ హంటర్ విల్లు ఇది. 60 అంగుళాల రికర్వ్ (కొసలు ముందుకి వంపు తిరిగిన రకం), లాగడానికి 45 పౌండ్ల బలం కావాలి. లింబ్ (పట్టుకునే హ్యాండిల్‌కి పైనా కిందా వంగే భాగం) మీద గ్రేలింగ్ అని మిషిగన్‌లోని ఊరి పేరు ఉంది. కంపెనీ 1978లో అక్కణ్ణుంచి ఫ్లోరిడాకి మారిపోయింది కాబట్టి దీనికి నాకంటే వయసు ఎక్కువే.

ఇంటికి తెచ్చి ఎండలో చూస్తే రెండు లింబ్‌ల నిండా సన్నటి గీతలు. డబ్బులు నీళ్లలో పోశానే అనుకున్నా. తర్వాత అర్థమైంది ఏంటంటే, ఇలాంటి విల్లులో మధ్యన మేపుల్ చెక్క, ముందూ వెనకా ఫైబర్‌గ్లాస్ పట్టీ ఉంటాయి, ఆ పట్టీలో గాజు పోగులు పొడవునే పరిచి ఉంటాయి, ఏళ్ల తరబడి వంగీ వంగీ పోగుల మధ్యనున్న రెసిన్ చీలుతుంది గానీ పోగులు తెగవు. వెదురు బద్ద పొడవునా కాస్త చీలినా వంగుతూనే ఉంటుంది కదా, అడ్డంగా నెర్రె పడితేనే పుటుక్కుమంటుంది. ఇదీ అంతే. నిలువు గీత అయితే గమనిస్తూ వాడుకోవచ్చు. అడ్డగీత అయితే పోగులు తెగినట్టే, నారి ఎక్కించొద్దు.

ముందు దూది ఉండతో లింబ్ పొడవునా రుద్దండి, ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ గాజు పైకి లేచినట్టు. గోరుకి కూడా తగలని గీతలు చాలావరకు పైన వార్నిష్‌వే.

నేను చేసిన రిపేర్ పెద్ద విద్యేం కాదు. స్పిరిట్‌తో తుడిచి, నీళ్లలా పల్చగా ఉండే సూపర్ గ్లూ గీత వెంట చుక్కలు చుక్కలుగా వేశాను, దానంతటదే లోపలికి పీల్చుకుంది. (చిక్కటి జెల్ కొంటే దండగ, పైనే కూర్చుంటుంది.) ఒక రోజు ఆరనిచ్చి, పైకి ఉబ్బిన జిగురు వరకే 400, తర్వాత 600 నంబరు గరుకు కాగితంతో తడిపి రుద్దాను. మాస్క్ తప్పనిసరి, గాజు దుమ్ము అది.

కానీ జిగురు బలం ఇస్తుందని నమ్మకండి, తేమ పోకుండా మూస్తుంది, అంతే. నేను నమ్మి ఇంకో పాత విల్లు పోగొట్టుకున్నాను. అమ్మినాయన "అది వార్నిష్ గీతే" అన్నాడు, హ్యాండిల్ దగ్గర అడ్డంగా ఉంది, నేనూ జిగురు పెట్టి లాగాను. ఇరవయ్యో బాణానికో ఎప్పుడో టప్‌మని పట్టీ లేచిపోయింది, అదృష్టం బాగుండి కంటికి తగల్లేదు.

ఈ కొడియాక్‌కి మాత్రం డాక్రాన్ (కాస్త సాగే పాలిస్టర్ దారం) నారే వాడుతున్నా. ఇప్పటి సాగని నారులకు ఆ కాలం లింబ్ కొసలు తట్టుకోవు. జులైలో కార్లో వదలను, ఆ వేడికి లోపలి జిగురు ఊడొచ్చు.

పై లింబ్‌లో అన్నిటికంటే పొడవైన గీత చివర టేపు ముక్క అంటించి నాలుగేళ్లయింది. ఇంకా దాన్ని దాటలేదు.