తిరుపతిలో బీటెక్‌కి ఎడ్యుకేషన్ లోన్, 3 స్టార్లు
మా తమ్ముడి బీటెక్‌కి ఇక్కడే ఒక బ్యాంకులో లోన్ తీసుకున్నాం, విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేశాం, స్టాఫ్ మర్యాదగానే మాట్లాడినారు. కానీ చదివే నాలుగేళ్లూ వడ్డీ పడతానే ఉంటాదని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు, అందుకే 3 స్టార్లే. లెక్క చూడండి, 6 లక్షలు 10 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 7,900 ఈఎంఐ, అదీ ముందు పడిన వడ్డీ కలపకుండానే, 3.5 లక్షల ప్యాకేజీకి చేతికొచ్చేది పాతిక వేలు అటూ ఇటూ, బెంగళూరులో రూమ్ రెంటు, తిండి పోతే పిల్లోడికి ఇంకేం మిగులుతాది చెప్పండి. కాలేజీ వాళ్లు ఫ్లెక్సీల్లో వేసే హైయెస్ట్ ప్యాకేజీ చూసి సంతకం పెట్టొద్దు, మీడియన్ జీతం (అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే మధ్య జీతం) ఎంతో అడగండి, కాలేజీలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి వాళ్లిచ్చే డేటాలో అది ఉంటాది. వీలైతే చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టేయండి.