సెరటోనిన్ రిసెప్టర్ ఎలైసా కిట్: మూడేళ్ల వాడకం తర్వాత

మానవ మెదడు కణజాలంలో 5-హెచ్‌టీ2ఏ రిసెప్టర్ (మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్‌ను పట్టుకునే ప్రోటీన్లలో ఒకటి) ఎంత ఉందో కొలవడానికి మూడేళ్లుగా, రెండు యాంటీబాడీల మధ్య ప్రోటీన్‌ను పట్టి రంగును బట్టి కొలిచే ఒకే శాండ్‌విచ్ ఎలైసా కిట్‌ను వాడుతున్నాను. ప్లేటు పనితీరు మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. కానీ కిట్‌తో వచ్చే సూచనల కాగితంలో నమూనా తయారీ గురించి రాసిన నాలుగు వాక్యాలను నమ్మి మొదటి ఆరు నెలల శ్రమను పోగొట్టుకున్నాను కాబట్టి, కొత్తగా కొనేవారికి ముందుగా ఆ సంగతే చెప్పాలి.

కణజాలాన్ని పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని ప్లేటులో వేయమని ఆ కాగితం చెబుతుంది. కణద్రవంలో కరిగి ఉండే ప్రోటీన్‌కైతే అది సరిపోతుంది. ఈ రిసెప్టర్ కణపొరను ఏడుసార్లు దాటుతూ అందులోనే ఇమిడి ఉంటుంది కనుక, కణపొరను కరిగించే డిటర్జెంట్ లేకుండా నూరితే అధికభాగం ట్యూబు అడుగున ముద్దలోనే ఉండిపోతుంది. మేము పారవేస్తున్నది ఆ ముద్దనే. ఒకరోజు దాన్ని ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కలిపిన బఫర్‌లో కరిగించి ప్లేటులోని పక్క వెల్‌లో (గుంటలో) వేసి చూశాను. తేరిన ద్రవం వేసిన వెల్ లేత నీలం దగ్గరే ఆగిపోగా, ముద్ద నుంచి తీసిన సారం కొద్ది నిమిషాల్లోనే ముదురు నీలానికి తిరిగింది. ఆమ్లం వేసి రంగును పసుపుకు మార్చి 450 నానోమీటర్ల వద్ద రీడింగ్ తీయకముందే విషయం అర్థమైపోయింది.

డిటర్జెంట్ ఎక్కువైనా ఇబ్బందే, ఎందుకంటే అది యాంటీబాడీ పట్టును చెడగొడుతుంది. అందువల్ల స్టాండర్డ్‌ను (మోతాదు ముందే తెలిసిన, పోల్చి చూసే ప్రోటీన్‌ను) కూడా అదే బఫర్‌లో కలిపి, తెలిసిన మోతాదును నమూనాలో చేర్చి ఎంత తిరిగి వస్తుందో చూసుకోవాలి. రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు పలచన చేసి లెక్క కట్టినప్పుడు విలువలు దగ్గరదగ్గరగా రాకపోతే ఆ నమూనాను నేను ఫలితాల్లో చేర్చను. మొత్తం ప్రోటీన్‌ను డిటర్జెంట్‌కు తట్టుకునే బీసీఏ పద్ధతిలో కొలిచి, మిల్లీగ్రాముకు ఇంత అని రాస్తాను. లాట్ (తయారీ విడత) మారిన ప్రతిసారీ స్టాండర్డ్ కర్వ్ (రంగును మోతాదుగా మార్చే గీత) కొంత జరుగుతుంది కనుక, ఒకే అధ్యయనానికి కావలసిన పెట్టెలన్నీ ఒకే లాట్‌లో తెప్పించుకోవడం మంచిది.

ఈ కిట్ రిసెప్టర్ ప్రోటీన్ ఎంత ఉందో చెబుతుందే తప్ప, అది సెరటోనిన్‌ను పట్టుకునే స్థితిలో ఉందో లేదో చెప్పదు. దానికి ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కలిగిన, ఈ రిసెప్టర్‌కు అతుక్కునే కెటాన్‌సెరిన్ అనే మందుతో చేసే బంధన పరీక్షే కావాలి. యాంటీబాడీ వేరే ప్రోటీన్‌ను పట్టుకోవడం లేదని రూఢి చేసుకోవడానికి, 2ఏ జన్యువు చొప్పించిన, ప్రయోగశాలలో పెంచే మానవ హెచ్‌ఈకే293 కణాలనూ చొప్పించని కణాలనూ పక్కపక్కన పెట్టి చూశాను, తేడా స్పష్టంగా కనిపించింది. అదే తయారీదారు దగ్గర మరో సెరటోనిన్ రిసెప్టర్ అయిన 5-హెచ్‌టీ1ఏ కిట్ తెప్పించి 1ఏ జన్యువుతో అదే పరీక్ష చేస్తే, ఆ జన్యువు చొప్పించని కణాలు కూడా ఉన్నవాటితో సమానంగా రంగునిచ్చాయి. ఆ పెట్టెను తిరిగి పంపించాము, 2ఏ కిట్‌ను మాత్రం వచ్చే ఏడాదికి కూడా ఆర్డరు పెట్టాను.