విజయనగరంలో ఉచ్చారణ క్లాసు: ఫ్రెంచి మాటల పాఠం కోసమైనా చేరొచ్చు

మయూరి జంక్షన్ దగ్గర మేడ మీద నడిచే స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్‌లో సాయంత్రం పూట ఉచ్చారణకి విడిగా ఒక బ్యాచ్ ఉంది. గ్రామర్ పాఠాలు ఎక్కడైనా దొరికేవే. కానీ ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాటల్ని ఎలా పలకాలో ఇంత బాగా చెప్పేవాళ్లని మన జిల్లాలో నేనైతే చూడలేదు.

మాట చివర టీ అక్షరం వస్తే పలక్కుండా మింగేయాలి అని రూలు పెట్టి వదిలేయరు మేస్టారు, ఆ మాట ఇంగ్లీషులోకి ఎప్పుడొచ్చిందో చూడమంటారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వచ్చిన కోర్ట్, జడ్జ్ లాంటివి వందల ఏళ్లు జనం నోట్లో నలిగి పూర్తిగా ఇంగ్లీషు మాటలైపోయాయి, అందుకే కోర్ట్‌లో టీ స్పష్టంగా వినిపిస్తుంది. బ్యాలే, బఫే, డెబ్యూ బాగా తర్వాత వచ్చాయి కాబట్టి రాతలో టీ ఉన్నా నోట్లో ఉండదు. చీఫ్, షెఫ్ రెండూ ఒకే ఫ్రెంచి మాట నుంచి పుట్టినవే. చీఫ్ వచ్చిన కాలంలో ఫ్రెంచివాళ్లే 'చ' అనేవాళ్లు, షెఫ్ 19వ శతాబ్దంలో వచ్చేసరికి వాళ్ల 'చ' కాస్తా 'ష' అయిపోయింది. ఇది విన్నాక బట్టీ పట్టాల్సిన పని సగం తగ్గింది నాకు. అన్నీ దీనికి లొంగవనీ, రెస్టారెంట్ ఆలస్యంగా వచ్చినా దాని టీ పలుకుతారనీ ఆయనే చెప్పారు.

ఉదాహరణలు కూడా మన చుట్టూ ఉన్నవే ఇస్తారు. ఆర్టీసీ డిపో అని చదువు రానివాళ్లు కూడా టీ లేకుండానే అంటారు కదా, అక్కడ మొదలుపెట్టి బొకే దాకా తీసుకెళ్లారు. బ్యాచ్‌లో ఎన్‌సీసీ పిల్లలు ఎక్కువ, వాళ్లకి ఆ చివరి సీ దగ్గర బాగా సాధన చేయించారు. ఆ సీ అంటే corps, అంటే దళం. దాన్ని పలికేది 'కోర్' అని, పీ, ఎస్ రెండూ పలకవు, 'కార్ప్స్' (corpse) అంటే శవం అని అర్థం. ఒకటైనా పదైనా స్పెల్లింగ్ మారదు, పలికేటప్పుడు మాత్రం బహువచనం 'కోర్జ్'. ఆర్మీ ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలకి ఇది తెలియాలి, తప్పదు.

నచ్చనిది ఒకటి గట్టిగా చెప్పాలి. బ్యాలేలో బ్రిటిష్ వాళ్లు మొదటి అక్షరాన్ని ఒత్తుతారు, అమెరికన్లు రెండోదాన్ని. రెండూ సరైనవే, కానీ ఇక్కడ అమెరికన్ పద్ధతిలో అంటే తప్పు వేస్తారు. కాల్ సెంటర్ ఉద్యోగాలకి వెళ్లేవాళ్లకి ఇది అన్యాయం, మార్చుకోవాలి. జనం ఎక్కువైపోయి ఒక్కొక్కరి చేత పలికించే టైము కూడా చాలట్లేదు. ముక్కుతో పలికే ఫ్రెంచి ధ్వని కోసం మాత్రం హింస పెట్టరు, ఇంగ్లీషువాళ్లే చాలామంది మామూలు 'న'తో సరిపెడతారు కాబట్టి అది మంచి పనే.

హోటల్ మేనేజ్‌మెంట్ చదివేవాళ్లు ఆలోచించకుండా చేరొచ్చు. పుస్తకం ఇవ్వరు, నోట్సు మనమే రాసుకోవాలి. క్లాసు చెప్పిన టైముకి వదలరు, నెల్లిమర్ల, గజపతినగరం వైపు వెళ్లేవాళ్లు బస్సు సంగతి ముందే మేస్టారికి చెప్పి ఉంచండి, పంపించేస్తారు.