పెద్ద యూనివర్సిటీలో అసిస్టెంటా, చిన్న కాలేజీలో హెడ్ కోచా: ఏది మేలు?

మా అక్క కూతురు అమెరికా కాలేజీలో నాలుగేళ్లు సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడింది, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌గా, ఆ తర్వాత రెండేళ్లుగా ఒక చిన్న కాలేజీలో అసిస్టెంట్ కోచ్‌గా చేస్తోంది. ఇప్పుడు దానికి ఒకేసారి రెండు పిలుపులొచ్చాయి. ఒకటి డివిజన్ వన్ (అక్కడి కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి) యూనివర్సిటీలో మూడో అసిస్టెంట్ పోస్టు, రెండోది కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీకి, అంటే రెండేళ్ల కాలేజీకి, హెడ్ కోచ్. ఇంట్లో అందరూ మొదటిదే అంటున్నారు: పేరున్న యూనివర్సిటీ, టీవీలో వచ్చే మ్యాచ్‌లు, హెల్త్ ఇన్సూరెన్స్. "పిన్నీ, నువ్వేమంటావ్?" అని అడిగితే నేను రెండోదానికే వెళ్లమన్నాను. అమెరికాలో మనవాళ్ల పిల్లలు ఇంకెవరైనా ఇదే సందిగ్ధంలో ఉంటే పనికొస్తుందని, ఎందుకలా అన్నానో రాస్తున్నా.

పెద్ద యూనివర్సిటీ ఉద్యోగాన్ని తీసిపారేయడానికి లేదు. 2023 జూలై దాకా డివిజన్ వన్ సాఫ్ట్‌బాల్‌లో ఇద్దరు అసిస్టెంట్లకే జీతం ఇవ్వనిచ్చేవారు, మూడో మనిషి వాలంటీర్, అంటే మిగతావాళ్లతో సమానంగా గ్రౌండ్‌లో ఎండకు మాడినా జీతం మాత్రం ఉండదు. ఆ పద్ధతి తీసేశారు కాబట్టి ఇప్పుడు మూడో అసిస్టెంట్‌కీ జీతం ఇవ్వొచ్చు. పెద్ద కోచ్ పక్కన కూర్చుని నేర్చుకునేదీ చాలా ఉంటుంది. అరిజోనా యూనివర్సిటీలో హెడ్ కోచ్ మైక్ కాండ్రియా దగ్గర ఆడి, ఆయన దగ్గరే అసిస్టెంట్‌గా పనిచేసిన కెయిట్లిన్ లో 2021లో ఆయన రిటైరయ్యాక అదే టీమ్‌కి హెడ్ కోచ్ అయింది. మిషిగన్ యూనివర్సిటీలో బానీ థోల్ కూడా అంతే, కాకపోతే ఆమె హెడ్ కోచ్ కారోల్ హచిన్స్ పక్కన దాదాపు మూడు దశాబ్దాలు అసిస్టెంట్‌గా ఉంది, 2022లో హచిన్స్ తప్పుకున్నాక గానీ ఆ కుర్చీ రాలేదు. థోల్ అంటే నాకు ఎంతో గౌరవం. కానీ మా పిల్లకి అంత ఓపిక ఉందా అంటే, లేదు. పైగా పైకుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందన్నది మన చేతిలో ఉండే విషయం కాదు.

ఇక రెండో దారి. ఓక్లహోమా యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా ఎనిమిది జాతీయ టైటిళ్లు తెచ్చి, అందులో 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు గెలిపించిన ప్యాటీ గాసో ఎక్కడ మొదలుపెట్టిందో చాలామందికి తెలియదు. లాంగ్ బీచ్ సిటీ కాలేజీ, రెండేళ్ల కాలేజీ. 1990 నుంచి 1994 వరకు అక్కడ హెడ్ కోచ్. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఆటల స్కాలర్‌షిప్ అన్నది లేదు, అమ్మాయిలు రెండేళ్లు ఆడి వెళ్లిపోతారు, అంటే ఏటా సగం టీమ్‌ని మళ్లీ కూడగట్టాలి, అదీ చేతిలో రూపాయి లేకుండా, కేవలం నీ మాట మీద నమ్మకంతో. అక్కడి నుంచి 1995 సీజన్‌కి ఓక్లహోమా వెళ్తే, ఆ యూనివర్సిటీకి అప్పటికి సొంత సాఫ్ట్‌బాల్ గ్రౌండ్ కూడా లేదు, ఊరి పార్కులో ఆడేవాళ్లు. ఆరో సీజన్‌లో, 2000లో, మొదటి టైటిల్ కొట్టారు. ఇవాళ ఆమె జీతం ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది.

కాండ్రియాదీ అదే కథ. సెంట్రల్ అరిజోనా కాలేజీ అనే జూనియర్ కాలేజీకి (ఇదీ రెండేళ్ల కాలేజీయే) 1984, 1985ల్లో జాతీయ టైటిళ్లు తెచ్చి, 1986లో అరిజోనాకి వచ్చాడు. అక్కడ మొదటి టైటిల్ 1991లో, అదీ ఆరో సీజన్‌లోనే. ఇద్దరూ పెద్ద యూనివర్సిటీలో అడుగుపెట్టేటప్పటికే టీమ్‌ని నడపడం తెలిసినవాళ్లు, తప్పులు చెయ్యాల్సిన వయసులో ఎవరూ చూడనిచోట చేసేసి వచ్చినవాళ్లు.

పోయిన వసంతంలో నేను మా పిల్ల మ్యాచ్ చూడ్డానికి వెళ్లాను. ముందురోజు రాత్రి వాన. పొద్దున్నే అదే రేక్ పట్టుకుని పిచింగ్ సర్కిల్ (బంతి విసిరే చోటు) సర్దుతోంది, మోకాళ్లదాకా ఎర్రమట్టి. ఆరోజు హెడ్ కోచ్ ఊళ్లో లేకపోవడంతో టీమ్ బాధ్యత దీని మీద పడింది. నాలుగో ఇన్నింగ్స్‌లో మొదటి పిచర్‌ని (బంతి విసిరే అమ్మాయిని) తీసేసి, ఆమె బదులు ఇంకో అమ్మాయితో బ్యాటింగ్ చేయించింది. సాఫ్ట్‌బాల్‌లో మొదట దిగిన ప్లేయర్‌ని ఒకసారి తీసేసినా, ఒకే ఒక్కసారి తిరిగి దింపొచ్చు. ఆ ఒక్కసారి ఎప్పుడు వాడాలి? ఆరో ఇన్నింగ్స్, అవతలి టీమ్ బ్యాటింగ్, ఇద్దరు అవుట్, బేస్‌లు నిండా వాళ్ల మనుషులు. వెనక జేబులోంచి లైనప్ కార్డు (ఆడేవాళ్ల పేర్ల జాబితా) తీసింది, అంపైర్ వైపు రెండడుగులు వేసి ఆగింది, మళ్లీ నడిచింది. ఆ ఆగడం చూస్తే నాకే గుండె దడదడలాడింది. పిచర్‌ని వెనక్కి తెచ్చింది, ఆ ఇన్నింగ్స్ గట్టెక్కింది, కానీ ఆఖరిదైన ఏడో ఇన్నింగ్స్‌లో 5-4తో ఓడిపోయారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని గంటసేపు ఆ ఒక్క నిర్ణయం గురించే మాట్లాడింది. రెండేళ్లలో దాని నోట అలాంటి మాటలు నేను వినలేదు. మూడో అసిస్టెంట్‌గా ఉంటే ఆ రెండడుగులు వేసే అవసరం ఎన్నేళ్లకొస్తుందో!

డబ్బు దగ్గర మాత్రం మా అక్క మాటే నిజం. కమ్యూనిటీ కాలేజీల్లో చాలాచోట్ల కోచ్‌ది పార్ట్‌టైమ్ ఉద్యోగం, దాంతోనే ఇల్లు గడవదు, సాయంత్రాలు చిన్నపిల్లలకి పిచింగ్ పాఠాలు చెప్పుకోవాలి. చదువు అప్పు ఎక్కువగా ఉన్నవాళ్లయితే నేను కూడా మొదటి ఉద్యోగమే తీసుకోమంటాను. మా దానికి అప్పు లేదు, పెళ్లీ పిల్లల బాధ్యతా ఇంకా లేవు.

"చిన్నచోటికి వెళ్తే మళ్లీ పెద్దవాళ్లు పిలుస్తారా?" అన్నది అక్క టెన్షన్. హచిన్స్ సంగతి చెప్పాను. ఆమె 1982లో ఫెరిస్ స్టేట్ అనే చిన్న యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా చేసి, తర్వాత మిషిగన్‌కి అసిస్టెంట్‌గా వెళ్లింది, 1985లో హెడ్ కోచ్ అయి 38 సీజన్లు అక్కడే ఉంది. టిమ్ వాల్టన్ గాసో దగ్గర అసిస్టెంట్‌గా ఉండి, విచిటా స్టేట్ యూనివర్సిటీలో హెడ్ కోచ్‌గా మూడు సీజన్లు చేసి, ఆ తర్వాతే ఫ్లోరిడా యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు దారులు తెరిచే ఉన్నాయి.

సంతకం పెట్టే ముందు మాత్రం కమ్యూనిటీ కాలేజీ వాళ్లని మూడు విషయాలు అడగమన్నాను: గ్రౌండ్ ఎవరు చూస్తారు, ఎంతమంది అసిస్టెంట్లకి జీతమిస్తారు, బస్సు ఖర్చు కాలేజీ పెడుతుందా లేక అమ్మాయిలతో చందాలు పోగుచేయించాలా. సోమవారం ఫోన్ చేస్తానంది.