హెక్ 293టి సెల్స్: పన్నెండేళ్లు వాడాక నా రివ్యూ, ఐదుకి నాలుగు

హెక్ 293టి అంటే మానవ పిండం కిడ్నీ నుంచి వచ్చి, ల్యాబ్ ప్లేట్లలో పెరిగే కణాలు. ముందు లోపం చెప్పేస్తా. ఇవి ప్లేటుకి గట్టిగా అంటుకోవు. మీడియా, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, మార్చేటప్పుడు పైపెట్ మూతి కాస్త సూటిగా పెట్టి వదిలితే చాలు, కణాల పొర మొత్తం మంచం మీద దుప్పటి లాగినట్టు లేచొచ్చేస్తుంది. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఒక్కరోజే పది ప్లేట్లు ఇలా పోగొట్టాను. మా సీనియర్ అక్క వచ్చి చూసి, "తమ్ముడూ, గోడ వెంబడి నిదానంగా వదలాలి, నడిమధ్యలో కుమ్మరిస్తే ఎలా?" అని చేతిలోంచి పైపెట్ లాక్కుని చూపించింది. ప్లేట్లకి ముందు పాలీలైసిన్ అనే జిగురులాంటి పూత పూస్తే కొంత నయం. ఒక స్టార్ తీసేసింది దీనికే.

మిగతా విషయాల్లో మాత్రం ఇంత ఓర్పున్న కణం నేను చూడలేదు. డీఎంఈఎం అనే మీడియా, పది శాతం సీరం (జంతువుల రక్తం నుంచి తీసే ద్రవం), 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఇస్తే రోజు తిరిగేసరికి దాదాపు రెట్టింపు అవుతాయి. అన్నట్టు కణాలు చవకే, సీరం ధర చూస్తేనే గుండె ఆగుతుంది. గుర్రం కొన్నాక గుగ్గిళ్ల ఖర్చు తెలిసినట్టు.

మా పని జీన్ థెరపీ, అంటే జన్యువునే మందుగా ఇచ్చే చికిత్స, కోసం ఏఏవీ అనే చిన్న వైరస్ తయారు చేయడం. దాని సొంత జన్యువులు తీసేసి, ఆ చోట మనకి కావాల్సిన జన్యువు పెడతాం. మొత్తం 4.7 కిలోబేసుల (4,700 డీఎన్ఏ అక్షరాల) దగ్గరే చోటు అయిపోతుంది, పెద్ద జన్యువుతో వచ్చేవాళ్ల గోల వేరే కథ. మన జన్యువున్న ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్ఏ) ఒకటి, వైరస్ తొడుగు తయారుచేసేది ఒకటి, హెల్పర్ ఒకటి, మూడూ పీఈఐ అనే, డీఎన్ఏని కణాల్లోకి చేర్చే రసాయనంతో కలిపి వేసి 72 గంటలు ఆగితే కణాలే వైరస్ చేసి పెడతాయి. ఏఏవీ తయారవ్వాలంటే అడినోవైరస్ అనే ఇంకో వైరస్ సాయం కావాలి, హెల్పర్ ఇచ్చేది అదే. అయితే అందులో ఈ1 అనే భాగం మనం ఇవ్వక్కర్లేదు, ఈ కణాల క్రోమోజోముల్లోనే అతుక్కుని ఉంది. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం మానవ పిండం కిడ్నీ కణాల్లోకి అడినోవైరస్ 5 డీఎన్ఏ ముక్కల్ని ఎక్కించి చూస్తుంటే ఒక్క ప్రయోగంలో ఇవి నిలబడ్డాయి. ఆయన నోట్‌బుక్‌లో అది 293వది, పేరు అదే ఉండిపోయింది. అప్పట్లో ఆయన మనసులో జీన్ థెరపీ లేదు. అయినా 2017లో అమెరికా అనుమతించిన కంటి చికిత్స లక్స్‌టర్నా, 2019లో 21 లక్షల డాలర్ల ధరతో వచ్చి అందరి నోట్లో నానిన పసిపిల్లల కండరాల జబ్బు మందు జోల్‌జెన్‌స్మా, రెండూ 293 కణాల్లో తయారయ్యేవే.

పేరు చివర్లో ఉన్న టి సంగతి: ఎస్‌వీ40 వైరస్ లార్జ్ టి యాంటిజెన్ అనే ప్రోటీన్ జన్యువుని అదనంగా పెట్టారు. ల్యాబ్‌లో లెంటీవైరస్ (కణాల్లోకి జన్యువుల్ని మోసే ఇంకో వైరస్) చేసుకోవాలంటే ఇదే హాయి. రోగికిచ్చే ఏఏవీ మందు దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామంది టి లేని మామూలు 293 వైపే వెళ్తారు, లార్జ్ టి క్యాన్సర్‌తో ముడిపడిన ప్రోటీన్ కాబట్టి.

దిగుబడి బాగానే ఉంటుంది, కానీ లోపల జన్యువు లేని ఖాళీ తొడుగులు కూడా బోలెడు వస్తాయి, వాటిని వేరుచేయడానికి అయోడిక్సనాల్ గ్రేడియెంట్ (బరువుని బట్టి వేరుచేసే ద్రవం పొరలు) దగ్గర సాయంత్రాలు గడిచిపోతాయి.

కిడ్నీ మీద పని చేద్దామని దీన్ని కొనేవాళ్లు ఆగండి. పేరులో కిడ్నీ ఉందే తప్ప వీటి తీరు కిడ్నీలా ఉండదు. 2002లో గ్రాహం బృందమే వీటిలో నాడీకణాల లక్షణాలు కనిపిస్తున్నాయని రాసింది. మనిషి కణంలో 46 క్రోమోజోములుంటే వీటిలో అరవై దాటి ఉంటాయి. ఇది ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీలాగే వాడుకోండి. మా జూనియర్ ఒకడు కిడ్నీ మందు ఒకటి దీంట్లో ఆరు నెలలు పరీక్షించి, ఆఖర్న గ్రూప్ మీటింగ్‌లో తల వంచుకుని కూర్చున్నాడు.

ఇంకోటి, పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చుకోకండి. నేను అలాగే ఒక ఫ్లాస్క్ తెచ్చుకుని ఎనిమిది నెలలు మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియాతో సహజీవనం చేశాను, మైక్రోస్కోపులో కనబడి చావదు, దిగుబడి మాత్రం తగ్గుతూ పోతుంది, నేనేమో ప్లాస్మిడ్లని తిట్టుకుంటూ వాటిని మళ్లీ మళ్లీ తయారు చేశాను. చివరికి పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష పెడితే మైకోప్లాస్మా బ్యాండ్ మెరిసిపోయింది. పుణేలోని ఎన్‌సీసీఎస్ లాంటి కణాల రిపాజిటరీ నుంచి తెప్పించుకోండి, వచ్చిన వారంలోనే పది పదిహేను వయల్స్ లిక్విడ్ నైట్రోజన్‌లో దాచుకోండి.

ట్రాన్స్‌ఫెక్షన్ (ప్లాస్మిడ్లని కణాల్లోకి ఎక్కించడం) గురువారం పెట్టొద్దు. 72 గంటలంటే ఆదివారం, వైరస్ తీయడానికి మళ్లీ ల్యాబ్‌కి పరిగెత్తాలి. ఈ లెక్క మా ఆవిడకి నాకంటే బాగా తెలుసు, బుధవారం రాత్రే అడుగుతుంది, "రేపు ప్లేట్లు వేయట్లేదు కదా?" అని.