ఒకరినొకరు విన్న వాద్యకారులు: కొన్ని ఆల్బమ్‌లపై నా అభిప్రాయం

నేను సంగీతాన్ని విడి పాటలుగా కాక ఆల్బమ్‌గా, మొదటి ట్రాకు నుంచి చివరి ట్రాకు దాకా వరుస మార్చకుండా వింటాను. కర్ణాటక సంగీతం వింటూ పెరిగి, ఆ చెవితోనే జాజ్, రాక్, హిందుస్తానీ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాల్లోకి వెళ్లిన శ్రోతను కనుక ఇక్కడి అభిప్రాయాలకు ఆ పెంపకం తాలూకు పక్షపాతం ఉంటుంది. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ విన్నాక నాకు గట్టిగా స్థిరపడిన నమ్మకం ఒకటుంది. వాద్యకారులు ఒకరు వాయించేది మరొకరు శ్రద్ధగా వింటూ చేసిన రికార్డింగులు ఎన్నిసార్లు విన్నా పాతబడవు. రెండు సంప్రదాయాలను కలపాలన్న ఉద్దేశం మాత్రమే ముందుండి తయారైనవి, వాటిలో ఎంతటి విద్వాంసులున్నా, కొంతకాలానికి పలచబడతాయి.

ఈ నమ్మకానికి మూలం అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. 1959లో న్యూయార్క్‌లోని కొలంబియా సంస్థ 30వ వీధి స్టూడియోలో మార్చి 2న, ఏప్రిల్ 22న రెండు విడతలుగా దీన్ని రికార్డు చేశారు. ఉన్నవి అయిదే అంశాలు. మొదటిదైన ‘సో వాట్’ను మన చెవితో వింటే ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. దానికి ఆధారమైన డోరియన్ స్వరక్రమం, స్వరస్థానాల వరకు చూస్తే, మన ఖరహరప్రియ రాగమే. అయితే ఇక్కడ గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, లేదు, రాగభావం లేదు. పదహారు బార్ల (మన ఆవర్తనాల్లాంటి కొలతల) పాటు ఒకే ఆధారంపై నడిచిన సంగీతం తరువాతి ఎనిమిది బార్లకు ఒక్కసారిగా అర్ధస్వరం పైకి జరిగి, చివరి ఎనిమిది బార్లకు మళ్లీ మొదటి చోటికి దిగుతుంది. కచేరీ మొదటి నుంచి చివరి వరకు శ్రుతి కదలకూడదన్న నియమంలో పెరిగిన మనకు ఆ జరగడం తొలి వినికిడిలో కాలికింద నేల కదిలినట్టే ఉంటుంది. అలవాటయ్యాక మాత్రం ఆ మలుపు కోసమే ఎదురుచూస్తాము.

ఇందులో నేను ఎప్పటికీ విసుగు చెందని క్షణం మైల్స్ సోలో ఆరంభం. పాల్ చేంబర్స్ బాస్ మీద ప్రశ్నలాంటి పలుకు పలకడం, తక్కిన వాద్యాలు రెండే స్వరాలతో బదులివ్వడం పూర్తయి, ట్రంపెట్ అందుకునే చోట డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ సింబల్ మీద కొట్టిన దెబ్బ మోగుతూ, ట్రంపెట్ తొలి పలుకుల కింద చాలాసేపు కరుగుతూ ఉంటుంది. ఆ తరువాత మైల్స్ తక్కువ స్వరాలతో, మధ్యలో ఖాళీ వదులుతూ వాయిస్తే, జాన్ కోల్ట్రేన్ సాక్సఫోన్‌పై అదే చోటును స్వరాలతో నింపేస్తారు, మరో సాక్సఫోన్‌పై కానన్‌బాల్ ఆడర్లీ దానికి ఉల్లాసం తెస్తారు, బిల్ ఎవాన్స్ పియానో మీద మళ్లీ అన్నిటినీ తగ్గించేస్తారు. నలుగురూ ఒకే వస్తువు మీద నాలుగు రకాల మనోధర్మం చూపిస్తున్నారు, కాని తన ముందువాడు ఎక్కడ ఆగాడో వినకుండా ఎవరూ మొదలుపెట్టరు. కొనేవారికి ఒక సూచన: తొలి విడత రికార్డింగులో టేపు యంత్రం వేగం తేడా వల్ల పాత ఎల్పీల మొదటి వైపు కొద్దిగా శ్రుతి హెచ్చి వినిపిస్తుంది. 1992 నాటి పునర్ముద్రణలో దాన్ని సరిదిద్దారు. తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవి ఈ తేడాను తప్పక పట్టుకుంటుంది కనుక సరిదిద్దిన ప్రతినే వెతుక్కోవాలని నా సలహా.

విశ్వమోహన్ భట్, రై కూడర్ కలిసి చేసిన ‘ఎ మీటింగ్ బై ద రివర్’ 1993లో వచ్చింది, 1994లో గ్రామీ అందుకుంది. ఇద్దరూ తొలిసారి కలుసుకున్న గంటలోపే రికార్డింగు మొదలైంది. భట్ మోహనవీణ, కూడర్ స్లైడ్ గిటార్ రెండూ తంత్రిపై జార్చి పలికించే వాద్యాలే కావడం వల్ల ఎవరి వాద్యం ఏదో మొదట్లో పోల్చుకోవడం కష్టమవుతుంది. రాగం కట్టుబాట్లలో నడిచే భట్ ఒక పలుకును పూర్తి చేయగానే కూడర్ దానికి పోటీకి దిగకుండా, కింది స్థాయిలో చిన్న బదులు మాత్రం ఇచ్చి తప్పుకోవడంలో నాకు గొప్ప సంస్కారం కనిపిస్తుంది. చివరి అంశమైన ‘ఇసా లే’ ఫిజీ దీవుల వీడ్కోలు పాట. ఇద్దరిలో ఎవరి ఊరిదీ కాని ఆ పాట దగ్గరే ఇద్దరూ అన్నిటికన్నా హాయిగా వాయించారని నా అభిప్రాయం.

ఇక పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ విషయం. ఆయన అంటే నాకు ఎంత ఆరాధనో చెప్పలేను, అందుకే ఈ మాట రాయడం కష్టంగా ఉంది. 1995లో మైఖేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ నాకు నిలవలేదు. శ్రీనివాస్ అయిదు తంత్రుల విద్యుత్ మాండలిన్‌పై సాధించిన అద్భుతమంతా ఫ్రెట్లు (మెట్లు) ఉన్న వాద్యంలో గమకాన్ని నిలబెట్టడమే. ఈ ఆల్బమ్‌లో ఆ గమకం అంచులు పరచిన ప్రతిధ్వనుల కింద మెత్తబడిపోయాయి. వినడానికి ఇంపుగానే ఉంటుంది, కాని ఆ పొరలకు శ్రీనివాస్ అవసరం ఉన్నదా అన్న అనుమానం ప్రతిసారీ కలుగుతుంది. అదే శ్రీనివాస్‌ను ‘రిమెంబర్ శక్తి’ బృందంతో, 2000లో వచ్చిన ‘ద బిలీవర్’లో విని చూడండి. పక్కన జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకీర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీర, ఘటం. ప్రేక్షకుల ఎదుట వాయించిన కచేరీ కావడంతో, ఒకరు విసిరిన సంగతిని మరొకరు అందుకుని, మలచి తిరిగి ఇవ్వడం స్పష్టంగా వినిపిస్తుంది. మెక్‌లాఫ్లిన్ అంతకు చాలా ముందే ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నారు కనుక ఆయన మన తాళపు లెక్కను బయటినుంచి చూసి అనుకరించరు, అర్థం చేసుకుని బదులిస్తారు. శ్రీనివాస్‌ను కొత్తగా వినదలచిన వారు ముందు ఆయన కర్ణాటక కచేరీలు, తరువాత ఇది వినడం మంచిది.

శివకుమార్ శర్మ, బ్రిజ్‌భూషణ్ కాబ్రా, హరిప్రసాద్ చౌరాసియాల ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ (1967) గురించి తక్కువే చెబుతాను. కశ్మీరీ గొర్రెల కాపరి రోజును ఉదయపు ఆహిర్ భైరవ్‌తో మొదలుపెట్టి రాగాల వరుసలో నడిపిన ఆలోచన మనోహరం, సంతూర్ నాదం నిర్మలం. కాని రాగం మనసుకు పట్టేలోగానే తరువాతి రాగం వచ్చేస్తుంది. హిందుస్తానీకి తొలి అడుగుగా దీనికి మించినది లేదు, ఆలాపన రుచి మరిగినవారికి మాత్రం చాలదు.

నా నమ్మకానికి లొంగనిది బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ (1973). లండన్ అబ్బీ రోడ్‌లో టేపులు కోసి అతికి, పొరమీద పొర చేర్చి కట్టిన ఆల్బమ్ అయినా ఇది పాతబడలేదు. క్లేర్ టోరీ మాటల్లేకుండా పాడిన గానం ఒక్కటే దీన్ని నిలబెట్టగలదు. ‘మనీ’ ఏడు మాత్రలపై నడుస్తుంది, మిశ్రచాపు తెలిసిన వారి వేళ్లు వాటంతటవే లెక్క వేస్తాయి. గిటార్ సోలో దగ్గర అది నాలుగుకు మారి, మళ్లీ ఏడుకు వస్తుంది. దీన్ని యాప్‌లో వినేటప్పుడు ట్రాకుల మధ్య విరామం రాకుండా సెట్టింగు మార్చుకోవడం తప్పనిసరి, లేకపోతే అతుకులన్నీ తెగి ఆల్బమ్ పాడవుతుంది.

అన్నిటికన్నా నా మనసుకు దగ్గరైనది ఇళయరాజా 1986లో చేసిన ‘హౌ టు నేమ్ ఇట్?’. త్యాగరాజస్వామికి, జర్మన్ స్వరకర్త బాక్‌కు అంకితమైన ఆల్బమ్ ఇది. బాక్ కన్నుమూసిన పదిహేడేళ్లకు త్యాగరాజు పుట్టారు, ఒకరి సంగీతం మరొకరికి చేరే వీలే లేదు. ఇక్కడ ప్రతి స్వరమూ ముందే రాసిపెట్టినదే కనుక వాద్యకారుల మధ్య అప్పటికప్పుడు పుట్టే సంభాషణ ఉండదు. ఆ వినడమంతా స్వరకర్త మనసులో జరిగిపోయింది. ‘ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్’లో ఆయన బాక్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన ఇ మేజర్ పార్టీటా అనే కూర్పులోని ప్రెలూడ్‌ను, అంటే ఆరంభ భాగాన్ని, తీసుకుని దానికి తన వరుసలు జతచేశారు. వెంటనే వచ్చే అంశం పేరు ‘అండ్ వుయ్ హాడ్ ఎ టాక్’. వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ఒక చోట పాశ్చాత్య పద్ధతిలో స్వరాన్ని నిటారుగా నిలిపి, మరో చోట మన గాత్రంలా జారుతుంది. ఒకే కమానులో రెండు శిక్షణలు వినిపిస్తాయి.

లోపం లేకపోలేదు. కొన్ని అంశాల్లో డ్రమ్స్, బాస్ ఆ కాలపు సినిమా రికార్డింగుల పద్ధతిలో ముందుకు వచ్చి వయొలిన్లను కప్పేస్తాయి, చిన్న స్పీకర్లలో ఇది మరీ ఎక్కువ. మంచి హెడ్‌ఫోన్స్‌తో వినాలి. ఇంకా మంచిది, ముందు బాక్ ప్రెలూడ్‌ను ఏ వయొలిన్ విద్వాంసుడు వాయించినదైనా విడిగా ఒకసారి విని రావడం. అది నాలుగు నిమిషాలు కూడా పట్టదు. ఆ తరువాత ఇళయరాజా చేర్చిన వరుసలు ఏవో, ఎక్కడెక్కడ ప్రవేశిస్తాయో మీకు మీరే గుర్తుపట్టగలుగుతారు.