కంట్రోల్ ఎఫ్5తో పన్నెండేళ్లు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మా నరసరావుపేట గుంటూరు జిల్లా నుంచి విడివడి పల్నాడు జిల్లాకు కేంద్రమైంది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక కుర్రాడు ఉద్యోగ దరఖాస్తు పెట్టించుకోవడానికి మా నెట్ సెంటర్‌కు వచ్చాడు. జిల్లా ఎంచుకునే చోట పాత పదమూడే కనబడుతున్నాయి, ఎంత వెదికినా పల్నాడు లేదు. పక్క కంప్యూటర్లో అదే పేజీ తెరిస్తే ఇరవై ఆరూ ఉన్నాయి. "ఈ కంప్యూటర్‌కు ఇంకా జీవో అందలేదా అండీ?" అని నవ్వాడు. కంట్రోల్ నొక్కిపట్టి ఎఫ్5 కొట్టాను. పల్నాడు వచ్చింది.

పన్నెండేళ్లుగా ఈ రెండు మీటలూ కలిపి నొక్కుతున్నాను. మంచి మందే, కాకపోతే ఒక్క జబ్బుకే పనిచేస్తుంది. బ్రౌజర్ ఒకసారి తెచ్చుకున్న బొమ్మలనూ, పేజీని నడిపించే స్క్రిప్టులనూ మన కంప్యూటర్లోనే దాచుకుని, మళ్లీ అడిగినప్పుడు అటక మీంచి తీసి ఇస్తుంది. కంట్రోల్ ఎఫ్5 కొడితే ఆ అటక జోలికి పోకుండా అన్నిటినీ సైటు ఉండే కంప్యూటర్, అంటే సర్వర్ నుంచే మళ్లీ తెస్తుంది. ఎన్నాళ్లు దాచుకోవచ్చో సైటు నడిపేవాళ్లే చెబుతారు. కొందరు 31,536,000 సెకన్లు అని రాసేస్తారు, అంటే నిండు ఏడాది. ఫైలు మారినప్పుడల్లా దాని పేరో, చివరన వెర్షన్ నంబరో మార్చేవాళ్లకు ఆ ఏడాదితో నష్టం లేదు. పేరు అలాగే ఉంచి లోపలి సరుకు మార్చినప్పుడే తంటా. ఆ కుర్రాడికి వచ్చిన పేజీ కొత్తదే, జిల్లాల జాబితా ఉన్న స్క్రిప్టు మాత్రం పాతది.

మామూలు ఎఫ్5 ఒకప్పుడు దీనికి చాలావరకు సరిపోయేది. పేజీలోని ఒక్కో ఫైలు గురించీ సర్వర్‌ను "మారిందా?" అని అడిగేది. మారకపోతే 304 అనే జవాబు వచ్చేది. 2017 నుంచి క్రోమ్ అసలు పేజీ గురించి మాత్రమే వాకబు చేసి, గడువు తీరని మిగతా ఫైళ్లను అటక మీంచే తీస్తోంది. వేగం పెరిగిన మాట నిజమే. నాకు మాత్రం అప్పటి నుంచి కంట్రోల్ మీట అరగడం మొదలైంది.

దీని విలువ బాగా తెలిసేది ఫొటోల దగ్గర. దరఖాస్తులో ఫొటో తప్పు పడింది, సరైనది మళ్లీ ఎక్కించాం, అయినా తెరమీద పాత ముఖమే. మరోసారి ఎక్కిస్తాం, ఇంకోసారి ఎక్కిస్తాం, చివరి తేదీ కావడంతో అభ్యర్థి ముఖంలో రంగులు మారుతుంటాయి. సర్వర్‌లో ఫొటో మొదటిసారే మారిపోయి ఉంటుంది. రెండు ఫొటోలకూ వెబ్ చిరునామా ఒకటే కావడంతో బ్రౌజర్ తన దగ్గరున్న పాతదే చూపిస్తోంది. కంట్రోల్ ఎఫ్5 ఒక్కసారి కొడితే తేలిపోతుంది.

కొత్తలో మా సహాయకుడికి "క్యాష్ క్లియర్ చెయ్యి" అంటే గల్లాపెట్టె వైపు చూశాడు. నేనన్న క్యాష్ బ్రౌజర్ దాచుకున్న కాపీల అటక. అర్థమయ్యాక అత్యుత్సాహంతో సెట్టింగుల్లోకి వెళ్లి లాగిన్‌ను గుర్తుపెట్టుకునే కుకీలతో సహా మొత్తం తుడిచేశాడు. కస్టమర్ లాగిన్ పోయింది, ఓటీపీ మళ్లీ మొదలు. కంట్రోల్ ఎఫ్5తో ఆ బాధ లేదు, కుకీల జోలికి పోదు. అయితే సేవ్ చేయకుండా టైపు చేసిన వివరాలు ఎగిరిపోతాయి. తండ్రి పేరు దగ్గర్నుంచి మళ్లీ కొట్టాల్సి వస్తే ఎదుటివాళ్లు మనల్ని మెచ్చుకోరు.

అన్నిచోట్లా నెగ్గుతుందని కూడా అనుకోవద్దు. ఒకామె గుంటూరు జిల్లా ఎంచుకుంటే మండలాల్లో పల్నాడుకు వెళ్లిపోయిన మాచర్ల, నరసరావుపేట కూడా వచ్చాయి. కంట్రోల్ ఎఫ్5 కొట్టినా అంతే. మండలాల జాబితా పేజీతో పాటు రాదు, జిల్లా ఎంచుకున్నాక విడిగా వస్తుంది. అప్పటికి మన ఆజ్ఞ పని అయిపోయి ఉంటుంది, బ్రౌజర్ మళ్లీ అటక ఎక్కుతుంది. అలాంటప్పుడు క్రోమ్‌లో ఎఫ్12 కొట్టి డెవలపర్ టూల్స్ కిటికీ తెరిచి, పైన రీలోడ్ గుర్తును కాసేపు నొక్కి ఉంచుతాను. మూడు వరుసల మెనూ దిగుతుంది. అందులో మూడోది క్యాష్ ఖాళీ చేసి మరీ పేజీ తెస్తుంది. ఆ ఎఫ్12 కిటికీ తెరవకపోతే మెనూ రాదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఫలితాల రోజున మాత్రం నా సెంటర్లో దీన్ని నిషేధించాను. ఆ రోజు పేజీ రాకపోవడానికి కారణం సర్వర్ మీద రద్దీ. ఇంట్లో ఉన్న బొమ్మలూ స్టైల్ ఫైళ్లూ కూడా కాదని మళ్లీ సర్వర్‌నే అడగడం క్యూలో మనకు మనమే నలుగురిని అదనంగా నిలబెట్టుకోవడం. చిరునామా మీద ఎంటర్ కొట్టి ఓపిక పట్టాలి.

ఫోనుతో వచ్చేవాళ్లకు నా మందు పనిచేయదు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఇలాంటి రీలోడ్ లేదు. పాత కాపీలు వాడని ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో తెరిచి చూడమంటాను. అక్కడ సరిగ్గా వస్తే లోపం దాచిన కాపీదేనన్నమాట. ల్యాప్‌టాప్‌వాళ్లు ఎఫ్5 కొడితే వెలుతురు తగ్గిందని ఫిర్యాదు చేస్తుంటారు. వాళ్లకు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కమని చెబుతాను. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ అదే పని చేస్తుంది. మ్యాక్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు కంట్రోల్ బదులు కమాండ్ నొక్కాలి.